పేగు ఆపరేషన్ అయిన కుక్కకు మోషన్ కుదరడం లేదా? మాత్ర దేంట్లో పెట్టి వేస్తున్నారో చూడండి

ఆర్కే బీచ్ ఇసుకలో తిని పడేసిన మొక్కజొన్న కంకి, వేసవిలో మామిడి టెంక, చెత్తకుప్పలో చికెన్ ఎముక. కుక్క మింగి పేగులో ఇరుక్కున్నది ఏదైనా, ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక వచ్చే ఫోను మాత్రం ఒకటే: "తిండి పడటం లేదండీ, ఏం మార్చమంటారు?"

ఏదీ మార్చకండి. ముందు ఒక కాగితం తీసుకుని, నిన్న పొద్దున్న నుంచి ఇప్పటిదాకా దాని నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి. పిల్లల్ని, మామ్మగారిని, పనమ్మాయిని, అందర్నీ అడిగి రాయండి. చాలామంది ఈ పని చేయకుండానే ఈరోజు పెరుగన్నం, రేపు ఓట్స్, ఎల్లుండి కొత్త బ్రాండు డ్రై ఫుడ్ అంటూ మార్చేస్తుంటారు. కుట్లు మానుతున్న పేగుకు రోజుకో కొత్త తిండి పెడితే అది ఎప్పటికి కుదురుకుంటుంది?

డాక్టరు చెప్పిన డైట్ మీ దగ్గర ఉందనే అనుకుంటున్నాను: తోలు, ఎముక లేని చికెన్ ఒక వంతు, మెత్తగా ఉడికిన అన్నం రెండు వంతులు, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు. లేదంటే క్లినిక్‌లో ఇచ్చిన లో-ఫ్యాట్ డబ్బా ఫుడ్. అక్కడి నుంచి మొదలుపెడదాం.

వాంతులు, నీరసం, తిండి ముట్టడం లేదు

ఇది డైట్ సమస్య కాదు. ఆపరేషన్ తర్వాత మూడు నుంచి అయిదు రోజుల మధ్య పేగు కుట్టు వదిలి లీకయ్యే ప్రమాదం ఎక్కువ. నిన్న బాగా తిన్న కుక్క ఇవాళ మూలన పడుకుని, పొట్ట ముట్టుకుంటే మూలుగుతుంటే, జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటితే, మోషన్ తారులా నల్లగా వస్తుంటే ఇది చదవడం ఆపి బయల్దేరండి. రాత్రయినా సరే. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

మోషన్ అసలు రాలేదు

రెండు మూడు రోజులు రాకపోవడం మామూలే. ఆపరేషన్‌కి ముందు పస్తు, తర్వాత తిన్నది కొంచెం, పైగా కొన్ని నొప్పి మందులు పేగు కదలికను తగ్గిస్తాయి. కుక్క హుషారుగా ఉండి, తింటూ, వాంతులు లేకపోతే టెన్షన్ పడక్కర్లేదు. నాలుగో రోజు కూడా రాకపోయినా, ముక్కుతున్నా డాక్టరుకు ఫోన్ చేయండి. ఆముదం మాత్రం పోయకండి.

తిన్న వెంటనే కక్కేస్తోంది, కానీ హుషారుగానే ఉంది

ఆత్రంగా మింగేస్తోంది. పూట తిండిని సగానికి తగ్గించి, పూటల సంఖ్య పెంచండి. వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి పెట్టండి. నీళ్ళు కూడా గిన్నెనిండా కాకుండా కొద్దికొద్దిగా పోయండి. ఇలా చేశాక కూడా కక్కుతుంటే అది మొదట చెప్పిన వాంతుల కేసు కింద లెక్క.

బాగానే తింటోంది, ఆడుతోంది, కానీ మోషన్ పలచగా, జిడ్డుగా వస్తోంది

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. నేల తుడిస్తే గుడ్డకు జిడ్డు అంటుతుంది, ఒక్కోసారి పైన జిగురు పొర ఉంటుంది. ఇంట్లోవాళ్ళు "చికెన్, అన్నం తప్ప ఏమీ పెట్టడం లేదు" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మాత్రతో పాటు వెళ్ళేదాన్ని ఎవరూ తిండి కింద లెక్కవేయరు, అంతే.

ఎంవీపీ కాలనీలో పది కేజీల బీగిల్ ఒకటి ఇలాగే ఉంది. తిండి మొత్తం ఆ ఇంటావిడే చూసుకునేవారు, కొలత తప్పేవారు కాదు.

"మాత్రలు ఎవరు వేస్తున్నారమ్మా?"

"మావారండీ."

ఆయన్ని అడిగితే, "చీజ్‌లో పెట్టి వేస్తున్నానండీ, లేకపోతే ఉమ్మేస్తోంది" అన్నారు.

పూటకు రెండు మాత్రలు, మాత్రకో చీజ్ క్యూబ్, రోజుకు రెండు పూటలు. 25 గ్రాముల క్యూబ్‌లో దాదాపు 6 గ్రాముల కొవ్వు, 75 కేలరీల పైనే ఉంటాయి. నాలుగు క్యూబులంటే 300 కేలరీలు. విశ్రాంతిలో ఉన్న పది కేజీల కుక్కకు రోజంతటికీ కావలసింది సుమారు 400. అంటే కొవ్వు తగ్గించాలని చికెన్ తోలు ఒలిచి పెడుతూ, ఆ పక్కనే రోజుకు పాతిక గ్రాముల కొవ్వు పెడుతున్నారు. ఇంత కొవ్వును ఆ పేగు ఇప్పుడు అరిగించుకోలేదు. కొన్ని కుక్కల్లో ఇది పాంక్రియాటైటిస్‌కి (క్లోమం వాపుకు) కూడా దారితీయవచ్చు. చీజ్ బదులు వెన్న, పన్నీర్, కోవా, నెయ్యి ముద్ద ఏదైనా ఇదే కథ. ఇంకో నష్టం కూడా ఉంది: డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ను పాల పదార్థాలతో ఇస్తే అందులోని కాల్షియం వల్ల మందు సరిగా ఒంటికి పట్టదు.

కొవ్వు వచ్చే రెండో దారి చికెన్ ఉడికించిన నీళ్ళు. "బలం కదా" అని అన్నంలో పోసేస్తారు. ఆ నీళ్ళు ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, పైన నెయ్యిలా తెల్లగా పేరుకుంటుంది. ఆ పొర మొత్తం స్పూనుతో తీసేశాకే కింది నీళ్ళు వాడండి. తోలు, మెడ, కొవ్వు ముక్కలతో ఉడికించినదైతే పారబోయడమే మేలు.

మాత్ర వేసే పద్ధతి ఇది. దానికి పెట్టే చికెన్, అన్నంలోంచే కొంచెం తీసి మెత్తగా పిసికి, గోలీ సైజులో మూడు ముద్దలు చేయండి. మొదటిది ఖాళీది. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడోది చూపించండి, దానికోసం రెండోది నమలకుండా మింగేస్తుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర చాలా చేదు. విరిస్తే లోపలి చేదు నాలుకకు తగిలి నోటి వెంట నురగ కారుతుంది, ఇక ఆ రోజుకు ముద్ద ముట్టదు. అలాంటి కుక్కకు సిరప్ రాయమని అడగండి. మాత్ర నేరుగా గొంతులో వేస్తే వెనకాలే సిరంజితో కొంచెం నీళ్ళు పట్టండి, గొంతులో ఇరుక్కోకుండా ఉంటుంది.

కొవ్వు ఆగాక రెండు మూడు రోజుల్లో మోషన్ గట్టిపడటం కనిపిస్తుంది. కనిపించకపోతే యాంటీబయాటిక్ వల్ల కావచ్చు, డాక్టరును అడగండి. కోర్సు మీరే ఆపేయకండి, మనుషుల మోషన్ మాత్రలు అసలే వేయకండి.

మిగతావి

మన వైజాగ్ ఉక్కలో పొద్దున్న వండిన చికెన్ సాయంత్రానికి పాడవుతుంది. వండగానే పూటకో డబ్బా చొప్పున ఫ్రిజ్‌లో పెట్టి, గోరువెచ్చగా చేసి పెట్టండి. వాకింగ్‌కి బీచ్ వైపు ఇప్పుడే వద్దు, అక్కడ కంకులు ఇంకా పడే ఉంటాయి.

చిన్నపేగులో చాలా భాగమో, దాని చివరి భాగమో తీసేసిన కుక్కల్లో మోషన్ నెలల తరబడి పలచగా ఉండొచ్చు, బి-12 ఇంజెక్షన్లు అవసరం పడొచ్చు. ఇవి అరుదు. ఎంత తీశారో డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది.

మోషన్ కుదిరి, డాక్టరు సరేనన్నాక పాత తిండికి వారం రోజుల్లో మెల్లగా మార్చండి: ముందు పావు వంతు, తర్వాత సగం, ఆపైన ముప్పావు. చికెన్, అన్నంలో కాల్షియం చాలదు కాబట్టి నెలల తరబడి అదే పెట్టకూడదు. మార్చేటప్పుడు మళ్ళీ పలచబడితే ఒక మెట్టు వెనక్కి వెళ్ళి, అక్కడే రెండు రోజులు ఉంచండి.