పేజీలోనే దిద్దుబాటు – 4వ పాఠం: సేవ్ కొట్టాక పోయిన ఫారం

ముందు పోయినవి వెనక్కి తెచ్చుకోండి. వర్డ్‌ప్రెస్ ఎడిటర్‌లో రివిజన్లు (పేజీ పాత ప్రతులు) తెరిచి, పాడవక ముందున్నదాన్ని రిస్టోర్ చేయండి. పాఠం తర్వాత.

మూడో పాఠం (ఎడిటర్ తెరవకుండా పేజీ మీదే దిద్ది సేవ్ చేయడం) చేసినవాళ్లలో బెంగళూరు మారతహళ్లిలో పీజీ నడిపే ఒకాయన ఉన్నారు. పేజీ మీదే 8,500 అద్దెను 9,000 చేసి సేవ్ కొట్టారు. అంకె మారింది, కిందున్న ఎంక్వయిరీ ఫారం చచ్చిపోయింది. ఇంకొకరికి గ్యాలరీ, మరొకరికి మ్యాపు. జబ్బు ఒకటే.

తెర మీద కనబడే ఫారం డేటాబేస్‌లో ఉండదు. అక్కడుండేది ఒక్క లైను షార్ట్‌కోడ్, అంటే చదరపు బ్రాకెట్లలో రాసే గుర్తు. పేజీ తెరిచిన ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ దాన్ని ఫారంగా విప్పుతుంది. మీరేమో కంటెంట్‌ఎడిటబుల్‌ని (తెర మీదే టైపు చేయనిచ్చే హెచ్‌టీఎంఎల్ గుణం) పేజీ మొత్తానికి తగిలించి, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (ట్యాగులతో సహా లోపలున్నదంతా) ఊడ్చి పంపారు. వండిన అన్నాన్ని తెచ్చి బియ్యం డబ్బాలో పోసినట్టు! షార్ట్‌కోడ్ చోట విప్పిన ఫారం కూర్చుంది. దానిలోని ఇన్‌పుట్ ట్యాగులను, అంటే నింపే గడులను, డబ్ల్యూపీ కేసెస్ పోస్ట్ (అనుమతి లేని ట్యాగులను తీసేసే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్) కత్తిరించేసింది. 2018 డిసెంబర్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.0 వెర్షన్ నుంచి బ్లాకుల (ఎడిటర్‌లో పేజీని కట్టే ముక్కల) హద్దులు హెచ్‌టీఎంఎల్ కామెంట్లుగా ఉంటున్నాయి, అవీ పోయాయి. ఎడిటర్‌లో పేజీ అంతా ఒకే క్లాసిక్ బ్లాకుగా తేలింది అందుకే.

రెస్ట్ ఏపీఐని (బయటి కోడ్ వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే దారి) కాంటెక్స్ట్ ఎడిట్‌తో అడిగితే ‘రా’ (raw, డేటాబేస్‌లో ఉన్నది), ‘రెండర్డ్’ (విప్పి చూపేది) రెండూ ఇస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మకం కుదురుతుంది. ‘రా’లోనే వాక్యం వెతికి మార్చవచ్చు కదా అంటారు. అదే వాక్యం రెండుచోట్ల ఉంటే? నాకా దారి నచ్చదు.

మారే అంకెను కస్టమ్ ఫీల్డులో (పేజీ కంటెంట్‌కి బయట, పేరు పెట్టి దాచే విలువ) పెట్టండి. ఆ ఫీల్డును నమోదు చేసే రిజిస్టర్ పోస్ట్ మెటా ఫంక్షన్‌లో షో ఇన్ రెస్ట్ ట్రూ చేయండి, అప్పుడే అది రెస్ట్ ఏపీఐకి అందుతుంది. దాన్ని చూపించే చిన్న షార్ట్‌కోడ్ మీరే రాసి, పేజీ దిద్దే హక్కున్నవాళ్లకు మాత్రం ఆ అంకె చుట్టూ ఉండే స్పాన్ ట్యాగుకి కంటెంట్‌ఎడిటబుల్ తగిలించండి. పంపేది టెక్స్ట్‌కంటెంట్ (ట్యాగులు లేని ఉత్త అక్షరాలు), అటువైపు సర్వర్‌లో దాన్ని శుభ్రం చేసేది శానిటైజ్ టెక్స్ట్ ఫీల్డ్. ఫీల్డు కీ పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే ఆథ్ కాల్‌బ్యాక్ (మార్చే హక్కు ఎవరికో చెప్పే ఫంక్షన్) రాయనిదే సేవ్ కాదు. నేనైతే అండర్‌స్కోర్ జోలికే పోను. ఇదంతా మీ సొంత ప్లగిన్‌లో. వేరేవాళ్ల ప్లగిన్ ఫైల్లో రాస్తే అప్‌డేట్ రాగానే తుడిచిపెట్టుకుపోతుంది. నాన్స్ (రిక్వెస్టు మీ పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే టోకెన్) జతచేయాలన్న సంగతి తెలిసిందే.

అభ్యాసం: ఒక ఫారం, ఒక గ్యాలరీ, రెండు రేట్లు ఉన్న పేజీ కట్టండి. ఎడిటర్‌గా, ఆథర్‌గా, సబ్‌స్క్రైబర్‌గా (ఇవి వర్డ్‌ప్రెస్ యూజర్ల హోదాలు) లాగిన్ అయి రేట్లు మార్చి చూడండి. ఎడిటర్‌కి తప్ప మారకూడదు. స్పాన్ కనబడలేదని ఊరుకోకండి, ఆథర్, సబ్‌స్క్రైబర్ల పేరున రెస్ట్ ఏపీఐకి రిక్వెస్టు నేరుగా కూడా పంపండి. రేట్లు మార్చకముందూ, మార్చాకా ‘రా’ని కాపీ చేసి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఐదో పాఠానికి రావద్దు.