సముద్రం దగ్గర స్థలం కొనేముందు ఎత్తు చూసుకోండి

"బీచ్‌కి కిలోమీటరు దూరం సార్, ఏ టెన్షనూ అక్కర్లేదు." కోస్తాలో ప్లాటు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఈ మాట వినే ఉంటారు. దీన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చేయకండి. విశాఖలో కొండవాలు మీద కట్టిన ఇల్లు అలలకు కూతవేటు దూరంలో ఉన్నా దానికి మునక భయం ఉండదు, అదే దివిసీమలోనో కోనసీమలోనో నాలుగైదు కిలోమీటర్లు లోపలున్న చేనుకు ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన దూరం చూసి ఆగలేదు, పల్లం ఉన్నంత మేరా వచ్చింది. కాబట్టి మొదట అడగాల్సింది ఈ నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందని. అమ్మేవాళ్ళలో చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. మనమే తెలుసుకోవాలి, పెద్ద కష్టం కూడా కాదు.

"మా తాతల కాలం నుంచీ ఇక్కడికి నీళ్ళు రాలేదండీ" అనే మాట కూడా వింటారు. నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ తాతల కాలం నాటి సముద్రం ఇప్పుడు లేదు. బొగ్గు, పెట్రోలు, గ్యాసు తగలబెట్టి, అడవులు నరికి, గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను పది లక్షల పాళ్ళలో 280 నుంచి 420 దాటించాం. దానివల్ల భూమికి పట్టిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోయింది. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, దానికి తోడు గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు, పర్వతాల మీది హిమానీనదాలు కరిగి వచ్చి కలుస్తున్నాయి. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడే కదా అనిపిస్తుంది గానీ వేగం చూడండి: 1971 దాకా ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు ఉండేది, 2006–2018 మధ్య 3.7 అయింది. 1971 తర్వాతి పెరుగుదలకు ముఖ్య కారణం మనుషులే అయ్యే అవకాశం చాలా ఎక్కువని 2021లో ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) చెప్పింది. ఈ శతాబ్దం చివరికి, 1995–2014 నాటి మట్టంతో పోలిస్తే, పొగ గట్టిగా తగ్గించుకుంటే 28 నుంచి 55 సెంటీమీటర్లు, అసలు తగ్గించకపోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరగొచ్చని వాళ్ళ అంచనా. మీరు ఇవాళ కట్టే ఇంట్లో మీ మనవలు ఉండేనాటి సంగతి ఇది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇంకో చిక్కుంది. డెల్టా నేల తన బరువుకు తానే మెల్లగా దిగుతూ ఉంటుంది, ఏటా వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడుస్తూ వచ్చేది. ఇప్పుడు ఆ ఒండ్రులో చాలా భాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాల వెనకే ఆగిపోతోంది. సముద్రం పైకి లేస్తుంటే నేల కిందికి దిగుతోందన్నమాట.

ఇక ఎత్తు కొలవడం. ఫోన్‌లో కనిపించే ఎత్తును నమ్మకండి, అది మీటర్ల కొద్దీ తేడా చూపిస్తుంది. ఉపగ్రహం తీసిన ఎత్తు మ్యాపులు కూడా చాలాచోట్ల చెట్ల తలలను, ఇళ్ళ కప్పులను నేలగా లెక్కేసి మెరక చూపిస్తాయి, కొబ్బరి తోటల కోనసీమలో ఈ పొరపాటు ఎంత ఉండొచ్చో ఊహించుకోండి. దగ్గర్లోని రైల్వే స్టేషన్ పసుపు బోర్డు కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది, ఆ ప్రాంతం తీరు తెలియడానికి అది పనికొస్తుంది. ప్లాటు సంగతికి మాత్రం ఒక సర్వేయర్‌ని మాట్లాడుకుని, దగ్గర్లోని బెంచ్ మార్కు (సముద్ర మట్టానికి ఎత్తు ముందే కొలిచి గుర్తు పెట్టిన చోటు) నుంచి లెవెల్స్ తీయించండి. స్థలం ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఒక లెక్క కాదు.

లెవెల్ చేతికొచ్చాక దాన్ని ఎలా చదవాలో చెప్తాను. మన దేశంలో సర్వేలకు వాడుతూ వచ్చిన సున్నా మట్టం 1909 నాటిది, విశాఖతో సహా తొమ్మిది రేవుల్లో అంతకుముందు తీసిన పోటు కొలతల సగటు అది. ఆ సున్నా కాగితం మీద అక్కడే ఉంది, నీరు మాత్రం పెరిగింది. దాని మీద అమావాస్య, పౌర్ణమి పోట్లకు సుమారు ముప్పావు మీటరు వేసుకోండి. బంగాళాఖాతం మన ఒడ్డున అక్టోబరు, నవంబరుల్లో మామూలుగానే ఎత్తులో ఉంటుంది, దానికి ఇంకో పావు మీటరు. అంటే తుఫాను ఊసే లేకుండా మీటరు దాకా నీరు రాగలదు. రాబోయే పెరుగుదల కలిపితే రెండు మీటర్లకు చేరువవుతుంది. అందుకే రెండు మీటర్ల లోపు నేల ఎంత చవగ్గా వచ్చినా వద్దంటాను. ఉప్పెన ఈ లెక్కలో లేదు, 1977లో అది ఒక్కటే ఐదు మీటర్ల దాకా లేచింది.

స్థలం చూడ్డానికి ఎప్పుడు వెళ్తున్నామన్నది చాలా ముఖ్యం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఫిబ్రవరి, మార్చిలో సముద్రం ఏడాది మొత్తంలో బాగా కిందున్న రోజులు, బీచ్ వెడల్పుగా, ముచ్చటగా ఉంటుంది. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో అమావాస్యకో పౌర్ణమికో, పోటు పూర్తిగా ఎక్కిన వేళకి వెళ్ళండి. ఏ రోజు పోటు ఎన్నింటికో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అక్కడికెళ్ళి సముద్రం వైపు కాదు, స్థలం వెనక్కి నడవండి. డ్రెయిన్లు, ఉప్పుటేళ్ళు, చేపల చెరువుల బోదెలు ఎటు పారుతున్నాయో చూడండి. డెల్టాలో సముద్రం ఎదురుగా కాకుండా వెనక నుంచి, డ్రెయిన్ల గుండా ఎగదన్నుకుంటూ వస్తుంది. పోటు నీటిని ఆపడానికి డ్రెయిన్‌కి పెట్టిన స్లూయిజు తలుపులు తుప్పు పట్టి సగం తెరుచుకుపోయి ఉంటే పోటు నీరు లోపలికే వెళ్తుంది. డ్రెయిన్ గట్టు మీద ఎండిపోయిన తెల్లటి ఉప్పు చార ఎంత ఎత్తున ఉందో చూసి ఒక ఫోటో తీసుకోండి. చుట్టుపక్కల పాత ఇళ్ళ గోడలు కూడా చూడండి: మోకాలెత్తు దాకా సున్నం పొంగి, పెచ్చులూడి, ఇటుక పొడి పొడిగా రాలుతుంటే కిందనుంచి ఉప్పు నీరు పీల్చుకుంటోందని అర్థం. ఊళ్ళో పాత గుడి, పాత ఇళ్ళు ఎక్కడున్నాయో చూస్తే మెరక ఏదో తెలిసిపోతుంది. డెల్టా గ్రామాలు చాలావరకు ఒకప్పటి తీరపు ఇసుక దిబ్బల మీద వెలిశాయి, వాటి మధ్య పల్లాలు వరికి వదిలారు. ఇప్పుడు వెంచర్లు పడుతున్నది చాలాచోట్ల ఆ పల్లాల్లోనే.

చుట్టుపక్కల బావో, చేతిపంపో, ఫిల్టర్ పాయింటో ఉంటే ఆ నీళ్ళు పరీక్షించండి. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కుంటే చాలు. కొంతసేపు కొట్టి పాత నీళ్ళు పోయాక పట్టుకోండి, వీలైతే మే నెలలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. సముద్రపు నీటిలో 35,000 ఉంటుంది కాబట్టి నూటికి ఐదారు పాళ్ళు కలిసినా బావి పాడైనట్టే. మీటరులో ఎక్కువ వస్తే క్లోరైడ్ (సముద్రపు ఉప్పులో ముఖ్య భాగం) ఎంతుందో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో తేల్చుకోండి, ఎందుకంటే ఉప్పదనమంతా సముద్రానిదే కానక్కర్లేదు. ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. తీరంలో మంచినీళ్ళు బరువైన ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటాయి, పైన మంచినీటి మట్టం అడుగు తగ్గితే కింద ఉప్పు నీరు లెక్క ప్రకారం నలభై అడుగులు పైకొస్తుంది. నీళ్ళు చాలట్లేదని బోరు ఇంకా లోతుకు దించితే ఉప్పునే వెతుక్కుంటూ వెళ్ళినట్టు. "బోరు వేస్తే చాలు సార్, నీళ్ళే నీళ్ళు" అన్నారంటే ఆ నీళ్ళు ముందు నోట్లో పోసుకుని చూడండి.

ఒడ్డుకు బాగా దగ్గరైతే కోత సంగతి కూడా ఉంది. గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్లో ఉచితంగా దొరుకుతుంది, అందులో పాత ఏళ్ళ చిత్రాలు వెనక్కి జరిపి చూడొచ్చు. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ మీద పెట్టి చూడండి. రక్షణగా గోడ కట్టినా, రాళ్ళు పోసినా అక్కడ ఇళ్ళు, రోడ్డు ఎలా పోతూ వచ్చాయో కనిపిస్తుంది. తర్వాత మీ స్థలం మీద పెట్టండి. మన తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, మధ్యలో రేవు గోడ అడ్డం పడితే దక్షిణాన ఇసుక పేరుకుని ఉత్తరాన కోత పడుతుంది. కాబట్టి మీ స్థలానికి దక్షిణాన ఉన్న రేవులనే కాదు, కడుతున్న రేవులను కూడా ఆరా తీయండి.

కాగితాల పని వేరే. సర్వే నంబరు సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాలను నియంత్రించే మండలం) మ్యాపులో ఎక్కడ పడిందో చూడకుండా రిజిస్ట్రేషన్‌కి వెళ్ళొద్దు. అదే మ్యాపులో హజార్డ్ లైన్ అని ఒక గీత ఉంటుంది, కోత, ముంపు, సముద్రం పెరుగుదల లెక్కేసి సర్వే ఆఫ్ ఇండియా గీసింది. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం దాన్ని విపత్తుల ప్రణాళికకే వాడతారు, కట్టొచ్చా కూడదా అన్నది దాన్నిబట్టి తేల్చరు. అంటే అన్ని అనుమతులూ ఉన్న ప్లాటు కూడా ఆ గీతకు సముద్రం వైపునే ఉండొచ్చు. ఆ గీత ఎటు ఉందో చూసుకునే బాధ్యత మీదే.

ఇప్పటికే కొనేశామంటారా, లేక ఊరే అదంటారా. అప్పుడు బేస్‌మెంట్ ఎత్తు రోడ్డును చూసి కాదు, పైన చెప్పిన లెవెల్ లెక్క చూసి పెట్టించండి. కాంక్రీటుకు ఆ ఊరి బోరు నీళ్ళు వాడొద్దు. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే కడ్డీలు లోపలే తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. సెప్టిక్ ట్యాంకు బావికి దూరంగా, వీలైనంత మెరకలో కట్టించండి, భూగర్భ మట్టం పైకొచ్చిన చోట అది వానాకాలం వెనక్కి తన్నుతుంది. ఎత్తైన అలల హెచ్చరికలు ఇన్‌కాయిస్ ముందుగానే ఇస్తుంది, అవి ఫోన్‌కి వచ్చేలా పెట్టుకోండి. ఊరి ముందు సరుగుడు తోట గానీ, మడ చెట్లు గానీ ఉంటే వాటిని కొట్టి చెరువులు తవ్వే ప్రతిపాదన పంచాయతీకి వచ్చిన రోజున మీరు కూడా వెళ్ళి కూర్చుని వద్దని చెప్పండి.