గడువులోపు డిజైన్ పూర్తి కావాలంటే: నలుగురి మధ్య పని ఆగకుండా నడిపించే పద్ధతి

విజయవాడలో డిజైన్, డీటీపీ (కంప్యూటరులో పేజీలు కూర్చే) పనులు చేసేవారికి డిసెంబరు రెండో పక్షం ఏటా పరీక్షా కాలమే. కొత్త సంవత్సరపు క్యాలెండర్లు, డైరీలు, సంక్రాంతి ప్రకటనలు, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి విడుదల కావలసిన పుస్తకాలు అన్నీ ఒకేసారి బల్లమీదికి వస్తాయి. గడువు తప్పిన పనులను వెనక్కి తిరిగి పరిశీలిస్తే, డిజైన్ చేయడానికి పట్టిన సమయం కంటే ఒకరి కోసం మరొకరు ఎదురుచూడడంలో పోయిన సమయమే ఎక్కువగా కనిపిస్తుంది. మేటర్ (టైపు చేసిన రాత) కోసం లేఅవుట్ చేసేవారు (పేజీలు అమర్చేవారు), పేజీల కోసం ప్రూఫ్ చూసేవారు (తప్పులు దిద్దేవారు), ప్రచురణకర్త మాట కోసం అందరూ ఆగిపోతారు. కాబట్టి కలిసి పనిచేయడమంటే అందరూ రాత్రంతా మేలుకొని ఉండడం కాదు; ఎవరి పనీ మరొకరి చేతిలో అనవసరంగా చిక్కుకోకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం. డెమ్మీ 1/8 (తెలుగు పుస్తకాలు సాధారణంగా వచ్చే) సైజులో 160 పేజీల పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ ఏర్పాటును వివరిస్తాను.

మొదట గడువును వెనుక నుంచి లెక్కించాలి. ప్రచురణకర్త చెప్పిన తేదీ పుస్తకం స్టాలులో ఉండవలసిన తేదీ మాత్రమే. అక్కడి నుంచి బైండింగుకు, ముఖచిత్రం ముద్రణకు, లామినేషనుకు, లోపలి పేజీల ముద్రణకు, ముద్రణ యంత్రానికి ఎక్కించే ప్లేట్ల తయారీకి ఎన్నెన్ని రోజులు కావాలో ప్రెస్సువారినీ బైండరునూ విడివిడిగా అడిగి తీసివేయాలి. సీజనులో వారి దగ్గర కూడా పనులు వరుసలో ఉంటాయి కనుక పోయిన సంవత్సరపు లెక్కను నమ్ముకోకూడదు. మిగిలిన రోజులే మనవి. వాటిలోనూ ఒక రోజును ఏ పనికీ కేటాయించకుండా ఉంచి, ఆ తేదీలన్నిటినీ అందరికీ కనిపించేలా గోడమీద రాసి పెట్టాలి.

పని మొత్తం పూర్తయ్యాకే ప్రెస్సుకు పంపాలన్న నియమం లేదు. 160 పేజీలంటే 16 పేజీల ఫారాలు (ఒకే షీటుపై కలిపి ముద్రించే పేజీల కట్టలు) పది. పేజీల వరుస స్థిరపడి, మొదటి ఐదు ఫారాలకు తుది ప్రూఫు పూర్తయితే వాటిని ముద్రణకు పంపి, మిగిలిన ఐదింటిని ఈలోగా సిద్ధం చేయవచ్చు. అదే సమయంలో ఇంకొకరు ముఖచిత్రం మీద ఉండవచ్చు. అయితే పుస్తకం వెన్ను వెడల్పు పేజీల సంఖ్య మీద ఆధారపడుతుంది: 160 పేజీలంటే 80 ఆకులు, ఒక్కో ఆకు మందం 0.1 మిల్లీమీటరు అయితే వెన్ను 8 మిల్లీమీటర్లు వస్తుంది. చివరి నిమిషంలో రచయిత మరో ముందుమాట తెచ్చి 16 పేజీలు పెంచితే వెన్ను మారుతుంది, ముఖచిత్రం మొత్తం మళ్లీ సర్దవలసి వస్తుంది. అందుకే పేజీల సంఖ్యను ఖాయం చేసుకోవడం ఈ పని మొత్తంలో అత్యంత ముఖ్యమైన ఒప్పందం. ప్రెస్సువారిచేత అదే కాగితంతో ఒక డమ్మీ (అచ్చు లేని ఖాళీ నమూనా పుస్తకం) కట్టించుకుని వెన్నును కొలుచుకోవడం మరింత క్షేమం.

బాధ్యతల విషయానికి వస్తే, ప్రచురణకర్తతో, రచయితతో మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. రచయిత లేఅవుట్ చేసేవారికి ఒక మాట, ప్రచురణకర్త ముఖచిత్రం చేసేవారికి ఇంకొక మాట ఫోనులో చెబితే, రెండు మాటలూ కలవని పుస్తకం తయారవుతుంది. మార్పులన్నీ ఆ ఒక్కరి ద్వారా, రాతపూర్వకంగా, ఒకే చోటికి చేరాలి. ఈ బాధ్యతను బాగా డిజైన్ చేసేవారికి ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. నా దృష్టిలో దానికి ఓపిక, స్పష్టంగా అడిగే నేర్పు ఉన్నవారే తగినవారు. చేయి తిరిగిన డిజైనరును ఫోనుకు కట్టివేయడం ఆ నైపుణ్యాన్ని వృథా చేయడమే.

తెలుగు పనిలో ఎక్కువ గంటలు మింగేది ఫాంటు సమస్య. ఒకరు పాత పద్ధతి అయిన అను ఫాంటులో టైపు చేస్తారు, మరొకరు ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్‌లో పంపుతారు, మూడోవారు ఫోనులో కొట్టిన పేరాలను వాట్సాప్‌లో జోడిస్తారు. ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మార్చేటప్పుడు ఒత్తులు చెదరడం, అక్షరాలు తారుమారు కావడం సాధారణం. అవి ప్రూఫు దశలో బయటపడితే మొత్తం బృందం వెనక్కి నడవాలి. అందువల్ల పని మొదలయ్యే రోజే ఏ పద్ధతిలో, ఏ ఫాంటులో చేయాలో నిర్ణయించుకుని, అందరి కంప్యూటర్లలోనూ అవే ఫాంటు ఫైళ్లు ఉండేలా చూసుకోవాలి. స్త్రీ, జ్ఞానం, లక్ష్యం, మత్స్యం, రాష్ట్రం వంటి సంయుక్తాక్షరాలున్న ఒక పేజీని ముందుగా టైపింగు నుంచి లేఅవుట్, పీడీఎఫ్, కాగితంపై ప్రింటు వరకు నడిపించి చూస్తే, తేలవలసిన చిక్కులు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

ముఖచిత్రానికి రెండు మూడు నమూనాలు చాలు. వాటిని అసలు సైజులో ప్రింటు తీసి, బృందమంతా అరగంట కలిసి కూర్చుని, పేరు నాలుగడుగుల దూరం నుంచి చదవగలుగుతున్నామా, రంగులు పుస్తక స్వభావానికి తగినట్లున్నాయా అన్న రెండు ప్రశ్నలకే పరిమితమై మాట్లాడుకోవాలి. నచ్చిన రంగుల గురించిన చర్చకు అంతం ఉండదు.

ప్రూఫును మాత్రం తొందరపెట్టకూడదు. లేఅవుట్ చేసినవారి కన్ను తన తప్పులను దాటిపోతుంది కనుక వేరొకరు చూడాలి. పేర్లు, ఇంటిపేర్లు, తేదీలు, ధర, పుస్తకపు గుర్తింపు సంఖ్య అయిన 13 అంకెల ఐఎస్‌బీఎన్ వంటి వాటిని ఒకరు పైకి చదువుతుంటే మరొకరు కాగితం మీద సరిచూడాలి. ముఖచిత్రం మీద, వెన్ను మీద, లోపలి పేజీలో పుస్తకం పేరు ఒకేలా ఉందో లేదో ప్రత్యేకంగా పోల్చాలి. దిద్దుబాట్లను దొరికినవి దొరికినట్లు పంపకుండా ఒక విడతగా కూర్చి ఇస్తే లేఅవుట్ చేసేవారి ఏకాగ్రత చెదరదు. రాత్రి పొద్దుపోయాక దిద్దిన ప్రూఫును ఉదయం మరొకరు చూడకుండా ప్రెస్సుకు పంపవద్దు.

ఫైళ్ల పేర్లలో ‘ఫైనల్’ అన్న మాటను నిషేధించి, తేదీనీ వరుస సంఖ్యనూ వాడండి. వాట్సాప్‌లో బొమ్మలు పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు. ముద్రణకు వెళ్లే పీడీఎఫ్‌లో ఫోటోలు అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, రంగులు సీఎంవైకేలో (ముద్రణకు వాడే నాలుగు సిరాల పద్ధతిలో) ఉండాలి, అంచుల చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) ఉండాలి, చిన్న అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. నాలుగు రంగులతో నలుపు కూర్చితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం మసకబారుతుంది.

ఇంత చేసినా ఆలస్యం రావచ్చు. మన దగ్గర వయసులో చిన్నవారు సీనియరుతో ‘అన్నా, ఇది ఈరోజు కాదు’ అని చెప్పడానికి జంకుతారు. సాయంత్రం దాకా ఆగి చెబితే సర్దుకునే అవకాశం పోతుంది. ప్రతి ఉదయం పది నిమిషాలు నిలబడి, ఈరోజు నేను ఎవరికి ఏమి అందించాలి, నాకు ఎవరి దగ్గర నుంచి ఏమి రావాలి అని ప్రతి ఒక్కరూ చెప్పే అలవాటు ఉంటే ఆ జంకు కొంత తగ్గుతుంది. అడిగేవారి గొంతులో కోపం లేకపోవడం అన్నిటికంటే అవసరం. ఆలస్యం ఖాయమని తెలిశాక కొత్త మనిషిని తెచ్చి కూర్చోబెడితే, పని వివరించడానికే ఉన్నవారి సమయం ఖర్చవుతుంది. దానికి బదులు పనినే తగ్గించాలి: ముఖచిత్రం మీది స్పాట్ యూవీని (కొన్ని చోట్ల మాత్రమే వేసే మెరుపు పూతను) వదులుకోవడం, లోపలి బొమ్మల సంఖ్యను కుదించడం వంటివి ప్రచురణకర్తతో ముందే మాట్లాడుకుని, ఏది వదులుకోవచ్చో జాబితా సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్లేట్లు ఎక్కిన రోజున బృందం నుంచి ఒకరు ప్రెస్సుకు వెళ్లి, మొదటి షీటును ఆమోదించిన ప్రింటు పక్కన పెట్టి రంగులు, పేజీల వరుస చూసి సంతకం చేయాలి. ఆ సాయంత్రమే తుది పీడీఎఫ్‌ను, మార్పులకు వీలున్న ఫైళ్లను, ఫాంట్లను, బొమ్మలను ఒకే ఫోల్డరులో భద్రపరచి రెండో కాపీని వేరే డిస్కులో పెట్టాలి. మహోత్సవంలో పుస్తకం అమ్ముడుపోయి ప్రచురణకర్త వారంలోపే పునర్ముద్రణ అడిగితే, ఆ ఫోల్డరు నుంచే పని మొదలవుతుంది.