వాట్సాప్ ఫొటో నుంచి రేడియం స్టికర్ వరకు: ప్లాటర్‌కు ఫైలు ఎలా సిద్ధం చేయాలి?

ఒడిశాలోని రాయగడలో ఓ ఆటో అతను వచ్చి, ముందు అద్దానికి అమ్మవారి పేరు, పైన ఒడియాలో 'మా మఝిఘరియాణీ', కింద తెలుగులో 'మజ్జిగౌరమ్మ', పక్కన ఒక త్రిశూలం కట్ చేయమన్నాడనుకోండి. అతని దగ్గరున్నది ఫోన్లో ఒక ఫొటో, అంతే. పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, ఎక్కడ రేడియం షాపు పెట్టినా పని ఇలాగే మొదలవుతుంది. ఆ ఫొటోను అలాగే ప్లాటర్‌కు, అంటే స్టికర్ షీటును బ్లేడుతో కోసే యంత్రానికి పంపితే లాభం లేదు. ప్లాటర్‌కు రంగులు, నీడలు తెలియవు. బ్లేడు నడవాల్సిన గీత ఒక్కటే తెలుసు. ఆ గీతను ఎక్కడా తెగకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఇవ్వడమే కంప్యూటర్ దగ్గర మన పని.

ముందు బొమ్మ సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గి వస్తుంది. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపమనండి. లోగో అయితే పీడీఎఫ్ ఉందేమో అడగండి. అందులో వెక్టర్ బొమ్మ (చుక్కలుగా కాక గీతలుగా దాచిన బొమ్మ) దొరికితే సగం పని తప్పినట్టే. లేకపోతే ఫొటోను పెద్దది చేసి, కాంట్రాస్ట్ పెంచి, పూర్తి నలుపు తెలుపులోకి మార్చండి. బూడిద రంగు ఎంత మిగిలితే ట్రేస్‌లో, అంటే ఫొటోను గీతలుగా మార్చడంలో, అంత చెత్త వస్తుంది.

తర్వాత ట్రేస్. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో బిట్‌మ్యాప్స్ మెనూలో అవుట్‌లైన్ ట్రేస్ ఉంటుంది. అందులో లైన్ ఆర్ట్ గానీ లోగో గానీ తీసుకోండి. కోరల్ కొనే స్తోమత లేనివాళ్లు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌ వాడొచ్చు. అందులో పాత్ మెనూలో ట్రేస్ బిట్‌మ్యాప్ ఉంది. ట్రేస్ అయ్యాక అసలు ఫొటోను తీసి పక్కన పెట్టి, వచ్చిన గీతను దగ్గరగా జూమ్ చేసి చూడండి. త్రిశూలం కర్ర నిటారు గీతే అయినా దాని మీద ముళ్లలా బోలెడు నోడ్‌లు (గీతను పట్టి ఉంచే చుక్కలు) కనిపిస్తాయి. నిటారు గీతకు అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి చాలు. గుండ్రానికి నాలుగు చాలు. మిగతావి తీసేయండి. ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై, కోరల్‌లో రెడ్యూస్ నోడ్స్ ఇందుకే ఉన్నాయి. నోడ్‌లు ఎక్కువైతే బ్లేడు అడుగడుగునా తడబడి, అంచు రంపంలా వస్తుంది.

అక్షరాలను మాత్రం ఎప్పుడూ ట్రేస్ చేయకండి. కొత్తగా టైప్ చేసుకోండి. ట్రేస్ చేసిన అక్షరం ఎంత దిద్దినా వంకరగానే ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది మన లిపుల దగ్గరే. 'మజ్జిగౌరమ్మ' అని టైప్ చేసి కర్వ్స్‌లోకి, అంటే గీతల బొమ్మగా మార్చండి (కోరల్‌లో కంట్రోల్ + క్యూ). తెర మీద చక్కగానే ఉంటుంది. ఇప్పుడు వ్యూ మెనూలో గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్ పెట్టి చూడండి. చాలా ఫాంట్లలో జ కింది వత్తు, గౌ మీది గుర్తు, మ కింది వత్తు విడివిడి ముక్కలుగా వచ్చి అక్షరం ఒంట్లోకి చొచ్చుకుని ఉంటాయి. నలుపు మీద నలుపు కాబట్టి అంతవరకూ కంటికి ఆనవు. ప్లాటర్ మాత్రం రెండు గీతలనూ కోసేస్తుంది. తర్వాత వేస్ట్ (అక్షరాల చుట్టూ మిగిలిన స్టికర్) పీకేటప్పుడు వత్తు ఊడి చేతికొస్తుంది. అందుకే అన్నీ సెలెక్ట్ చేసి వెల్డ్ కొట్టి ఒకే ముక్కగా కలపాలి. ఇంక్‌స్కేప్‌లో అదే పనికి యూనియన్.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కోరల్‌లో ఒక్కోసారి రెండు ముక్కలు కలిసినచోట తెల్లటి కన్నం కనిపిస్తుంది. అలాంటప్పుడు బ్రేక్ అపార్ట్‌తో ముక్కలుగా విడదీసి, మ, ర లాంటి అక్షరాల లోపలి ఖాళీలను పక్కకు తీసి, బయటి ముక్కలను మాత్రమే వెల్డ్ చేసి, చివర్లో ఖాళీలను కంబైన్‌తో తిరిగి కలపండి. అన్నీ కలిపి వెల్డ్ చేస్తే ఆ ఖాళీలు పూడిపోతాయి.

ఒడియాకూ ఇదే పద్ధతి. అక్షరాల పైన గొడుగులా వచ్చే వంపు కొన్ని ఫాంట్లలో మరీ సన్నగా ఉంటుంది కాబట్టి బోల్డ్ ఫాంటే వాడండి. పాత కోరల్ వెర్షన్లలో యూనికోడ్ తెలుగు, ఒడియా అక్షరాలు చెదిరిపోతాయి. ఆ టెన్షన్ లేకుండా ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, పాత్‌గా మార్చి, ఎస్‌వీజీ (వెక్టర్ ఫైలు)గా సేవ్ చేసి తెచ్చుకోండి. కటింగ్‌కు ముందు ఒడియా చదివేవాళ్లకు ఒకసారి చూపించాల్సిందే. దేవత పేరు తప్పు పడితే క్షమాపణ చెప్పినా సరిపోదు.

లావు అవుట్‌లైన్ పెట్టిన గీత ఉంటే దాన్ని ఆబ్జెక్ట్‌గా మార్చండి. లేకపోతే బ్లేడు దాని నడిమి గీత మీదే వెళ్తుంది. ఒకే బొమ్మ రెండుసార్లు పేస్ట్ అయి ఉంటే ఒకటి తీసేయండి. మిల్లీమీటరు కన్నా సన్నని గీతలు లేచిపోతాయి. వత్తులున్న తెలుగు అక్షరం అర అంగుళం కన్నా చిన్నదైతే నేనైతే వద్దనే చెబుతాను.

సైజు అద్దం మీద టేపుతో కొలిచి, అసలు కొలతకే పెట్టండి. 2 అడుగుల రోల్‌లో రోలర్లు పట్టుకునే అంచులు పోగా కొంత తక్కువే దొరుకుతుంది. అద్దం లోపలి వైపు అంటించి బయటి నుంచి చదవాలంటే మిర్రర్ చేయాలి, అంటే కుడి ఎడమలు తిప్పాలి. బయట అంటిస్తే అక్కర్లేదు. రంగుకో లేయర్ పెట్టండి. మొత్తానికి చుట్టూ ఒక డబ్బా గీయండి, వేస్ట్ తీయడం తేలికవుతుంది. నంబర్ ప్లేట్ అడిగితే మాత్రం ఒప్పుకోకండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లే ఉండాలి.

ఫైలు పంపే ముందు చతురస్రంలో ఒక గుండ్రం పెట్టి చిన్న ముక్క మీద టెస్ట్ కట్ చేయండి. వినైల్ (స్టికర్ పొర) తెగాలి, వెనక కాగితం తెగకూడదు. మూలలు గుండ్రంగా వచ్చినా, తోక మిగిలినా బ్లేడ్ ఆఫ్‌సెట్ (బ్లేడు మొనకూ అది తిరిగే ఇరుసు మధ్యకూ ఉన్న దూరం) చూసుకోండి. చాలా బ్లేడ్లకు అది 0.25 మి.మీ. ప్లాటర్‌కు పంపే పీఎల్‌టీ ఫైలులో సైజు తేడా వస్తే యూనిట్లు చూడండి, మిల్లీమీటరుకు 40 ఉండాలి. టెస్ట్ ముక్క శుభ్రంగా ఊడి వచ్చాకే అసలు రోల్ ఎక్కించండి.