క్యూబాలో చేతిలో డబ్బు ఆడనప్పుడు: ఎక్కడ చిక్కు, ఎలా బయటపడాలి

మయామీలో విమానం ఎక్కితే గంటకల్లా హవానా. అంత దగ్గర కదా అని అమెరికాలో ఉండే మనవాళ్లు మెక్సికోలోని కాన్‌కూన్‌కి సర్దుకున్నట్టే సర్దుకుని బయల్దేరతారు. డబ్బు విషయంలో ఈ రెండు ఊళ్లకూ పొంతనే లేదు. క్యూబాలో మీ జేబులో ఎంత నోటు ఉందో అంతే మీ బడ్జెట్. అయిపోతే తెచ్చుకునే దారి దాదాపు లేదు.

ఇంకో ముడి కూడా ఉంది. ఊరికే విహారానికి క్యూబా వెళ్లడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. అనుమతి ఉన్న 12 కేటగిరీల్లో ఏదో ఒకటి చూపించాలి. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డున్నా ఇది వర్తిస్తుంది. ఎక్కువమంది ఎంచుకునేది ‘క్యూబా ప్రజలకు మద్దతు’ అనే కేటగిరీ. అంటే సర్కారు హోటల్లో కాకుండా కాసా పర్తికులార్ అనే ఇళ్లలో బస, పలదార్ అనే ప్రైవేటు భోజనశాలల్లో తిండి. వీళ్లందరికీ కావలసింది నోట్లే.

కార్డు పెడితే ‘డిక్లైన్డ్’ అని వస్తోంది

మీ ఖాతాలో లోపం లేదు, మెషీన్ చెడిపోలేదు. అమెరికా బ్యాంకు ఇచ్చిన డెబిట్, క్రెడిట్ కార్డులు ఆంక్షల వల్ల అక్కడ పనిచేయవు. బ్యాంకుకి ఫోన్ చేసి ‘ట్రావెల్ నోటీస్’ పెట్టినా ఫలితం ఉండదు. ఫోన్‌లో డబ్బు పంపే అమెరికన్ యాప్‌లదీ అదే దారి. క్యూబా నుంచి లాగిన్ అయితే ఖాతానే లాక్ చేసేవీ ఉన్నాయి.

ఇండియాలో బ్యాంకు ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ ఏటీఎంలో పనిచేసే అవకాశం ఉంది. దాన్ని నమ్ముకుని మాత్రం వెళ్లకండి. 2024 అక్టోబరులో ఆంతోనియో గితేరాస్ విద్యుత్ కేంద్రం ఆగిపోయి దేశం మొత్తం చీకటైంది. ఆ తర్వాత కూడా కరెంటు కోతలు మామూలే. కరెంటు లేని ఏటీఎం ముందు ఎవరి కార్డయినా ఒకటే.

చేయాల్సిందల్లా బయల్దేరకముందే. విమానం టికెట్, ట్రావెల్ ఇన్సూరెన్స్, వీసా, ఆన్‌లైన్‌లో కుదిరితే గది అద్దె కూడా ఇంట్లో కూర్చుని కట్టేయండి. ముందు కట్టిన ప్రతి డాలరూ మీరు మోయక్కర్లేని నోటు.

నోటు ఇస్తే తిప్పి చూసి వెనక్కి ఇచ్చేస్తున్నారు

కారణం నోటులోనే ఉంటుంది. మూల కాస్త చిరిగినా, పెన్నుతో గీత ఉన్నా, స్టాంపు ముద్ర పడినా అక్కడ తీసుకోవడానికి వెనకాడతారు. వాళ్లకు ఆ నోటు మార్చుకునే చోటు లేదు మరి. కాబట్టి మీ బ్యాంకు కౌంటర్లో అడిగి శుభ్రమైన నోట్లే తీసుకోండి, ఒక్కొక్కటీ వెలుతురులో చూసుకోండి.

రెండో కారణం పెద్ద నోటు. 5 డాలర్ల టిఫిన్‌కి 50 ఇస్తే చిల్లర క్యూబా కరెన్సీ అయిన పెసోల్లో వస్తుంది, అదీ వాళ్లు చెప్పిన రేటుకి. సగం డబ్బు 1, 5, 10, 20 నోట్లలో ఉండేలా చూసుకోండి. కట్ట లావవుతుంది, అవనివ్వండి.

ఖర్చు చూస్తే ఎక్కువేం లేదు, డబ్బు మాత్రం కరిగిపోతోంది

అసలు బడ్జెట్ దెబ్బతినేది ఇక్కడే. తిండి దగ్గరా టాక్సీల దగ్గరా బేరమాడి మిగుల్చుకున్నదంతా మారకం దగ్గర పోతుంది.

క్యూబాలో డాలరుకు ఒక్క రేటు కాదు, చాలా రేట్లు. 2021 జనవరిలో మామూలు పెసో, కన్వర్టిబుల్ పెసో అనే రెండు కరెన్సీల పద్ధతి తీసేసినప్పుడు అధికారిక రేటు 24 పెసోలు. 2022 ఆగస్టులో మామూలు జనానికి దాన్ని 120 చేశారు. వీధిలో రేటు మాత్రం 2024లో 300 దాటింది, 2025లో 400 కూడా దాటింది. 2025 డిసెంబరులో కేంద్ర బ్యాంకే రోజూ మారే మూడో రేటు మొదలుపెట్టింది, దాదాపు 410తో.

ఇప్పుడు బిల్లు చూడండి. పలదార్‌లో ఇద్దరు తిన్నారు, 4,800 పెసోలు అయింది. డాలరుకు 120 లెక్కన అది 40 డాలర్లు. 400 లెక్కన 12 డాలర్లు. తిన్నది అదే అన్నం, అవే నల్ల చిక్కుళ్లు.

కాబట్టి వెళ్లే ముందు రోజే రేటు చూసుకోండి. ఎల్ తోకే అనే వార్తాసంస్థ వీధి రేటును రోజూ ప్రకటిస్తుంది (ప్రభుత్వానికి అది గిట్టదు). మీరు చూసే మూడు నాలుగు రేట్లలో ఏది ఎవరిదో తెలిస్తే చాలు. తర్వాత ఎక్కడ కూర్చున్నా ఆర్డర్ ఇవ్వకముందే, “డాలరు ఎంతకు తీసుకుంటారు?” అని అడగండి. వాళ్లు చెప్పే రేటు తక్కువగా ఉంటే పెసోల్లో కట్టండి, బాగుంటే డాలర్లే ఇవ్వండి. ఒకేసారి 200, 300 డాలర్లు మార్చేయకండి. రెండు మూడు రోజులకు సరిపడా చాలు.

వీధిలో ‘చేంజ్, చేంజ్’ అంటూ పక్కన నడిచేవాళ్ల జోలికి పోవద్దు. చట్టప్రకారం అది తప్పు, పైగా నోట్లు లెక్కపెట్టేది వాళ్లు. కాదేకా అనే సర్కారు మారకం కౌంటర్లు ఉన్నాయి, క్యూ పొడుగ్గా ఉంటుంది. క్యూ అంటే మనలా వరసగా నిలబడరు, నీడ ఉన్నచోటల్లా చెదిరి ఉంటారు. వెళ్లగానే “ఎల్ ఉల్తిమో?” అని గట్టిగా అడగండి. చివరగా ఉన్నవాళ్లు చెయ్యెత్తుతారు, మీ వంతు వాళ్ల తర్వాత.

చిల్లరలో వచ్చిన నోటు ఎవరూ తీసుకోవట్లేదు

అది సీయూసీ అయి ఉంటుంది, 2021లో రద్దయిన పాత కన్వర్టిబుల్ పెసో. నోటు మీద ‘పెసోస్ కన్వర్తిబ్లెస్’ అని రాసి, మనిషి బదులు స్మారక చిహ్నం బొమ్మ ఉంటుంది. చెల్లే నోట్ల మీద హోసే మార్తీ, మాసెయో లాంటి వీరుల ముఖాలుంటాయి. చే గువేరా బొమ్మ ఉన్న 3 పెసోల నోటు చెల్లుతుంది గానీ దాన్ని డాలరుకు అమ్మే కుర్రాళ్లుంటారు. డాలరుకు 400 లెక్కన దాని విలువ ఒక సెంటు కూడా లేదు. జ్ఞాపకంగా కావాలంటే అది మీ ఇష్టం.

నగదు పట్టుకెళ్తే కొట్టువాడు వద్దంటున్నాడు

నగదు దీవిలో ఇదో విచిత్రం. విదేశీ కరెన్సీ కార్డుతో మాత్రమే అమ్మే సర్కారు షాపులు 2019 నుంచి ఉన్నాయి. అవి మీ కోసం కాదు, పక్క సందులో ప్రైవేటు కొట్టు చూసుకోండి. మంచినీళ్ల సీసాలు, బిస్కెట్లు అక్కడ దొరుకుతాయి.

వారం సగం కాకముందే డబ్బు సగం దాటింది

లెక్క ఇంట్లోనే వేయలేదన్నమాట. ఇద్దరికి 7 రాత్రుల లెక్క ఒకటి నమూనాగా వేద్దాం, అన్నీ డాలర్లలో. గది రోజుకు 35 చొప్పున 245. తిండి రోజుకు 40 చొప్పున 280. ఎయిర్‌పోర్టు టాక్సీ రానూపోనూ 60. విన్యాలెస్ లాంటి ఊరికి షేర్ టాక్సీ 120. టికెట్లు, టిప్పులు, నీళ్లు, సిమ్ 95. మొత్తం 800. దీని మీద 30 శాతం ఆపద్ధనం 240, వెరసి 1,040. ఏటీఎం ఉన్న దేశంలో 10 శాతం చాలు, ఇక్కడ చాలదు. శాకాహారులైతే తిండి లెక్క కొంచెం పెంచండి. చిక్కుళ్ల అన్నంలో పంది కొవ్వు వేసే అలవాటుంది, అందుకని కాసా ఆవిడకు ముందే చెప్పి వండించుకోవడం మేలు.

డబ్బును రోజుకో కవరు చొప్పున విడదీసి, కవరు మీద తేదీ వేయండి. మిగిలింది రేపటి కవర్లోకి. ఆపద్ధనం వేరే సంచిలో, వేరే మనిషి దగ్గర. ఎయిర్‌పోర్టుకి తిరిగి వెళ్లే టాక్సీ డబ్బు మాత్రం పాస్‌పోర్టుతో పాటే ఉంచి, మొదటి రోజు నుంచే దాన్ని లేనట్టు లెక్కేసుకోండి.

5,000 డాలర్లకు మించి తీసుకెళ్తే క్యూబా కస్టమ్స్‌కి చెప్పాలి. ఇండియా నుంచే నేరుగా వెళ్లేవాళ్లకు నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల పరిమితి ఉంది.

మొత్తం అయిపోయింది

అమెరికా నుంచి డబ్బు పంపించుకోవచ్చనే ఆశ పెట్టుకోవద్దు, అక్కడికి పంపే సర్వీసులు ఆగుతూ సాగుతూ ఉంటాయి. తోటి ప్రయాణికుల దగ్గర డాలర్లు తీసుకుని వాళ్లకు ఇంటికొచ్చాక ఇవ్వడం అన్నిటికన్నా త్వరగా అయ్యే పని. లేదంటే రిటర్న్ టికెట్ ముందుకు జరుపుకోవడమే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు హవానాలో మన రాయబార కార్యాలయం ఉంది, చిరునామా కాగితం మీద రాసి పెట్టుకోండి.

తిరిగొచ్చాక పెసోలు మిగిలాయి

బయట ఏ దేశంలోనూ అవి మారవు. చివరి రెండు రోజులు డాలర్లు ముట్టకుండా పెసోలే ఖర్చు పెడితే ఈ బాధ ఉండదు.

రసీదులు మాత్రం పారేయకండి. అమెరికా నిబంధనల ప్రకారం క్యూబా ప్రయాణపు రికార్డులు దాచాల్సిన గడువు 5 ఏళ్లు ఉండేది, 2025 మార్చి నుంచి 10 ఏళ్లు చేశారు. కాసాల్లో, టాక్సీల్లో రసీదు ఇవ్వరు కాబట్టి ఏ రోజు ఎవరికి ఎంత ఇచ్చారో ఆ రాత్రే కవరు మీద రాసి, కవర్లు ఫొటో తీసి ఉంచండి.