వంటాముదం ఇంట్లో తీయడం: వేపు, దంపు, ఉడుకు

గానుగ ఎక్కకుండా పొయ్యి మీద తీసేది వంటాముదం. గింజల్ని వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసుకుంటారు. పసిబిడ్డ మాడుకు పెట్టినా, బాలింత ఒంటికి రాసినా మన పల్లెల్లో నమ్మేది దీన్నే. హైతీ, జమైకా పల్లెల్లోనూ దాదాపు ఇలాగే తీస్తారు. జమైకా వాళ్లు గింజను బాగా నల్లబడేదాకా వేయించి బూడిద కూడా కలుపుతారు కాబట్టి వాళ్ల ఆముదం నల్లగా ఉంటుంది. నలుపు ఎక్కువైతే గుణం ఎక్కువని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, అది వేపుడు రంగే.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఆముదం గింజలో రిసిన్ అనే విషపు ప్రోటీన్ ఉంటుంది. అది నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది, గట్టి వేడికి చెడిపోతుంది. అంటే ఉడికించడం వల్ల నూనె విడిపోతుంది, విషమూ విరుగుతుంది. ఉడుకు తగ్గించి తొందరపడితే రెండూ చెడతాయి. పచ్చి గింజలు కొద్దిగా నమిలినా చిన్నపిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఎండబెట్టిన చోట ఒక మనిషి కాపలా ఉండాలి.

గింజలు కిలో తీసుకోండి. చిట్టాముదం దొరికితే మంచిది, పెద్దాముదమైనా పని జరుగుతుంది. నాలుగు గింజలు పగలగొట్టి చూడండి. పప్పు తెల్లగా ఉండాలి. పసుపు తిరిగి మక్కు వాసన వస్తే ఆ సరుకు వద్దు, ఎంత వండినా ఆ వాసన నూనెలో పోదు. బూజు పట్టినవి, పగిలినవి ఏరేసి రెండు మూడు రోజులు గట్టి ఎండలో పెట్టండి.

వేయించడం ఆరుబయట, మంగలంలోనో ఇనుప మూకుడులోనో, అరకిలో చొప్పున. మంట సన్నగా ఉంచి, చేయి ఆపకుండా పదిహేను ఇరవై నిమిషాలు కలపాలి. గింజ పగలగొడితే పప్పు లేత గోధుమరంగులోకి తిరిగి, వేళ్లకు నూనె అంటితే దింపేయాలి. మంట పెరిగితే పెంకు మాడిపోతుంది, లోపల పప్పు పచ్చిగానే ఉంటుంది. అలాంటి గింజ నుంచి నూనె తక్కువ, మాడు వాసన ఎక్కువ. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆముదం గింజ దుమ్ము కొందరికి ఆయాసం తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు వేపు దగ్గరికీ దంపు దగ్గరికీ రాకపోవడమే మంచిది.

గోరువెచ్చగా ఉండగానే రోట్లో వేసి దంచాలి. చల్లారితే ముద్ద కాదు, పొడిపొడిగా ఉండిపోతుంది. పిడికిట్లో నొక్కితే నూనె మెరవాలి, అక్కడికి చాలు. వంటింటి మిక్సీ వాడొద్దు. సందుల్లో ఇరుక్కున్న పచ్చి పిండి రేపు పచ్చట్లోకి వస్తుంది. ఈ పనికి వేరే రోలు లేకపోతే, దంపు అయ్యాక రోలూ రోకలీ మరిగే నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి.

ఇక ఉడుకు. ఓపిక కావలసింది ఇక్కడే. పెద్ద గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్లు మరగనిచ్చి ముద్దను కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. గిన్నె సగానికి మించి నిండకూడదు, నురగ లేచి పొయ్యిలోకి పొంగుతుంది. మంట పడే నూనె కాబట్టి అది చిన్న ప్రమాదం కాదు. సన్నని సెగ మీద రెండు గంటలు తెర్లాలి. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. మొదట తెల్లని నురగ, తర్వాత దాని కింద నూనె చారలు, చివరికి ముదురు నూనె పొర కనిపిస్తాయి. అప్పుడు నురగ మీద గుప్పెడు చన్నీళ్లు చిలకరిస్తే నురగ విరిగి నూనె తేటపడుతుంది. మంట ఆపి అరగంట ఆగి, గరిటెను పొర మీద ఆనీ ఆనకుండా జరుపుతూ నూనె తీయండి. ఆ నీళ్లనే మరో గంట మరిగిస్తే ఇంకొంచెం వస్తుంది. గింజ బరువులో దాదాపు సగం నూనే అయినా ఈ పద్ధతిలో అంతా రాదు. కిలోకు 300 మి.లీ. వస్తే బాగా తీసినట్టే.

తీసిన నూనెలో ఇంకా నీళ్లుంటాయి. మూకుడులో పోసి చిన్న మంట మీద కాచండి. చిటపటలు ఆగి, బుడగలు తగ్గాక దించాలి. అనుమానముంటే దూదివత్తిని అందులో ముంచి, పొయ్యికి దూరంగా వెలిగించి చూడండి. చిటచిటలాడితే తడి పోలేదు, నిశ్శబ్దంగా వెలిగితే కాగినట్టు. పొగ వచ్చేదాకా మాత్రం కాయొద్దు. చల్లారాక పలుచని గుడ్డలో వడకట్టి, పూర్తిగా ఆరిన గాజుసీసాలో పోసి చీకటి చోట పెట్టండి. నెల తిరక్కుండానే మక్కిందంటే తడి మిగిలినట్టే లెక్క.

వాడకానికి వస్తే, ఇంట్లో తీసింది తలకూ ఒంటికీ మాత్రమే. విరేచనానికి తాగాలనుకుంటే మందుల షాపులో దొరికే శుద్ధి చేసిన ఆముదమే తీసుకోండి. మన పొయ్యి మీద ఎంత విషం విరిగిందో కొలిచే సాధనం మన దగ్గర లేదు. పెద్దవాళ్లకు మొదట 15 మి.లీ. చాలు, ఉదయం పూట, గోరువెచ్చని పాలతోనో అల్లం కషాయంతోనో. రెండు నుంచి ఆరు గంటల్లో పనిచేస్తుంది గనుక రాత్రి తాగితే నిద్ర చెడినట్టే. గర్భిణులు తాగకూడదు, నొప్పులు మొదలవుతాయి. కారణం తెలియని కడుపునొప్పికి తాగకూడదు, అది అపెండిసైటిస్ అయితే ముప్పు.

పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టడం, స్నానం తర్వాత ముక్కులో చుక్క వేయడం చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. రెండూ మానేయాలి. ఊపిరితిత్తుల్లోకి జారిన నూనె న్యుమోనియా తెస్తుంది. మాడు మీద కూడా పలుచగా రాస్తే చాలు, అదమడం, రుద్దడం అక్కర్లేదు.

గిన్నెలో మిగిలిన పిండి పశువులకు వేయొద్దు, ఉడికిందని ధైర్యపడొద్దు. ఎరువుగా బాగా పనికొస్తుంది గానీ చెట్టు మొదట్లో పైపైన చల్లితే వాసనకు కుక్కలు తవ్వి తింటాయి, చచ్చిపోతాయి కూడా. జానెడు లోతు గుంట తీసి పూడ్చి, పైన రాయి పెట్టండి. మిగిలిన నీళ్లనూ అదే గుంటలో పోయండి, కుడితిలో మాత్రం కలవనివ్వొద్దు.