సింట్రా కొండ మీది పెనా ప్యాలెస్ చూడటం ఎలా?

లిస్బన్ వచ్చిన చుట్టాలందరినీ ఈ కొండకు తీసుకెళ్లేది నేనే. పోర్చుగల్ రాజులు ఎండాకాలం గడిపిన ఈ ప్యాలెస్‌ను హడావిడిగా చూసి దిగిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ముందు చిన్న పనులు. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనండి. జారని బూట్లు, పల్చటి జాకెట్ ఉండాలి. లిస్బన్‌లో ఎండ మండుతున్నా, సముద్రపు గాలి ఈ కొండకు తగిలి మంచు తెరలా కమ్ముకుంటుంది. లిస్బన్‌లోని రోసియో స్టేషన్‌లో రైలెక్కితే 40 నిమిషాల్లో సింట్రా. స్టేషన్ బయటే కొండెక్కే 434 బస్సు. కారు మాట మర్చిపోండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదవండి. టికెట్ మీద ఉండే టైమ్ పార్కు గేటుది కాదు, ప్యాలెస్ తలుపుది. ఈ రెండింటి మధ్య చెట్ల నీడలో ఎత్తుగా సాగే దారి ఉంది. దానికి అరగంట పెట్టుకోవాలి. ఆలస్యమైతే ఆ టికెట్ మీద ఆశ వదులుకోవడమే. పదిన్నర స్లాట్‌కి ఒకసారి మేం పదింబావుకే గేటు దగ్గర ఉన్నాం. చాలా టైముందనుకుని ఫెర్న్ మొక్కల దగ్గర ఫొటోలు దిగాం. తలుపు దగ్గరికి చేరేసరికి పదకొండు. తప్పు పూర్తిగా మాదే. మోకాళ్ల నొప్పితో అంత దూరం ఎక్కిన మా అత్తయ్య రాతి మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకోవడం ఇంకా కళ్ల ముందే ఉంది.

అప్పటి నుంచి వెనక నుంచి లెక్కేస్తాను. పదిన్నర స్లాట్ అయితే తొమ్మిది ముప్పావుకు గేటు లోపల, తొమ్మిదికల్లా బస్సు క్యూలో, ఎనిమిదికి రోసియోలో రైలు. ఫొటోలన్నీ కొండ దిగి వచ్చేటప్పుడే. పెద్దవాళ్లుంటే పార్కు లోపలి చిన్న బస్సు ఎక్కించండి. దానికి వేరే డబ్బు కట్టాలి, దానికీ క్యూ ఉంటుంది. ఊళ్లోంచి నడిచి ఎక్కడమే అసలు మజా అనేవాళ్లుంటారు. టైమ్ వేసిన టికెట్ చేతిలో ఉన్న రోజు అది పని చేయదు.

లోపల అందరూ రాజుగారి గదులకు పరుగెడతారు. మీరు మొదట చిన్న లోగిలి దగ్గర ఆగండి. చుట్టూ పాత పింగాణీ పలకల గోడలు. అది 16వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసుల మఠం. 1755 భూకంపంలో దెబ్బతిన్న ఆ మఠాన్ని 1838లో రాజు రెండో ఫెర్డినాండ్ కొని, దాన్ని కూల్చకుండా ప్యాలెస్‌గా పెంచాడు. బయట ఎరుపు రంగుది పాత మఠం, పసుపుది కొత్త భాగం. ఇది తెలిశాక చూస్తే కట్టడమే వేరుగా కనిపిస్తుంది. 1910లో రాచరికం పడిపోయాక, దేశం విడిచే ముందు అమేలీ రాణి ఆఖరి రాత్రి గడిపింది ఇక్కడే. వంటగదిలో వరుసగా పేర్చిన రాగి పాత్రలు కూడా చూడండి.

దగ్గర్లోనే ఉన్న మూరుల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లింల) పాత కోటను అదే రోజు ఇరికించకండి. ఆ టైమ్‌లో పార్కులోని క్రూజ్ ఆల్టా శిలువ దాకా నడవండి. 528 మీటర్ల ఎత్తున, కొండకంతటికీ అదే శిఖరం. మంచు విడిచిన రోజున ఎరుపు, పసుపు గోడలు రెండూ ఒకే చూపులో అక్కడి నుంచి కనిపిస్తాయి.